రక్తపు కాన్సరు: రాత్రిపూట ఒక మాత్ర



ఈ పూట నేను ఎత్తుకోబోయే విషయం భోజనాలయ్యాక తీరిగ్గా కూర్చుని వినదగినది కాదని మీలో కొందరికి అనిపించవచ్చు. కాన్సరు అన్న మాట చెవిని పడగానే రేడియో కట్టేసే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. మా అమ్మ అయితే ఆ పేరే ఎత్తనిచ్చేది కాదు. "ఆ పెద్దజబ్బు" అనేది, అదీ గొంతు తగ్గించి. పాతవాళ్ళు రాచపుండు అన్నారు. పుండు అంటే కంటికి కనబడుతుంది. నేను చెప్పబోయేదానికి పుండూ లేదు, గడ్డా లేదు. అది రక్తంలోనే ఉంటుంది. పిల్లలకు వచ్చే కాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అదే గనుక, తల్లులమైన మనం కొంచెం మనసు గట్టి చేసుకుని వినాలి.

1974లో మా పెద్దక్కయ్య కొడుకుకి అయిదో ఏడు నడుస్తుండగా జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. పిల్లవాడు తెల్లగా పాలిపోయాడు. కాళ్ళమీద ఎక్కడా తగలకుండానే కమిలిన మచ్చలు. ఊళ్ళో డాక్టరుగారు రక్తం పరీక్ష చేయించి, చీటీమీద 'లుకేమియా' అని ఒక్క మాట రాసి, మా బావగారిని పక్కకు పిలిచి, "ఇంటికి తీసుకువెళ్ళి వాడు అడిగింది పెట్టండి" అన్నారు. మూడు నెలలకు ఇల్లంతా చీకటైపోయింది. అదే సంవత్సరం అమెరికాలో కొన్ని ఆసుపత్రులలో అదే జబ్బు వచ్చిన పిల్లలు ఇంచుమించు సగంమంది బతికి బట్టకడుతున్నారన్న సంగతి నాకు ఎన్నో ఏళ్ళ తరవాత, ఒక పుస్తకంలో చదివితే తెలిసింది. మా అక్కయ్యకు నేను ఆ మాట ఎన్నడూ చెప్పలేదు.

అసలు ఈ జబ్బులో జరిగేది ఏమిటి? ఎముకల లోపల మూలుగ ఉంటుంది కదా, మన రక్తానికి వంటిల్లు అదే. ఒంటికి ప్రాణవాయువు మోసే ఎర్రకణాలు, రోగాలతో పోట్లాడే తెల్లకణాలు, దెబ్బ తగిలితే రక్తం ఆపే ప్లేట్‌లెట్లు అన్నీ అక్కడే తయారవుతాయి. ప్లేట్‌లెట్ల పేరు డెంగీ జ్వరాల పుణ్యమా అని ఇప్పుడు వీధిలో అందరికీ తెలుసు. ఆ వంటింట్లోకి పనీపాటా చేయని చుట్టాలు వచ్చి మకాం వేశారనుకోండి. వాళ్ళు కదలరు, వాళ్ళ సంతానం మాత్రం పూటపూటకూ పెరిగిపోతుంది. ఇక మీకు పొయ్యి దగ్గర నిలబడే చోటుండదు. లుకేమియాలో ముదరని, ఎందుకూ కొరగాని తెల్లకణాలు అచ్చం ఇలాగే మూలుగను ఆక్రమిస్తాయి. ఎర్రకణాలు తగ్గి పిల్లవాడు పాలిపోతాడు. మంచి తెల్లకణాలు లేక జ్వరాలు విడవవు. ప్లేట్‌లెట్లు లేక చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి రక్తం, ఒంటిమీద మచ్చలు. కొందరు పిల్లలు కాళ్ళు పీకుతున్నాయని రాత్రుళ్ళు ఏడుస్తారు, కుంటుతారు. ఆటల్లో ఎక్కడో పడి ఉంటాడులే అని మనం అనుకుంటాం.

జ్వరం వచ్చిన ప్రతి పిల్లకూ ఇదేనేమో అని హడలిపోకండి. నూటికి తొంభై తొమ్మిది జ్వరాలు మామూలు జ్వరాలే. అయితే రెండు వారాలు దాటినా విడవని జ్వరం, దానికి తోడు పాలిపోవడం, మచ్చలు, ఎముకల నొప్పులు కలిసి కనిపిస్తే సి.బి.పి. అనే రక్తపరీక్ష చేయించమని మీరే డాక్టరుగారిని అడగండి. పెద్ద ఖర్చు కాదు, ఏ చిన్న ఊళ్ళో అయినా చేస్తారు. ఇంకొక్క మాట. జ్వరం దిగలేదనీ, కీళ్ళనొప్పులనీ తెలిసీ తెలియనివారి చేత స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించవద్దు. స్టెరాయిడు ఈ పాడు కణాలను కొన్నాళ్ళపాటు అణచివేస్తుంది. పిల్ల కోలుకున్నట్టే లేచి తిరుగుతుంది. రోగం మాత్రం లోపల దాగి ఉంటుంది. ఆ తరవాత అసలు డాక్టరు దగ్గరకు వెళ్ళేసరికి అది ఎంతవరకు ముదిరిందో పోల్చుకోవడం కష్టమైపోతుంది.

ఇది అంటుజబ్బు కాదు. తల్లి తిన్నదానివల్లనో, చూసినదానివల్లనో వచ్చేదీ కాదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మా అక్కయ్య అత్తగారు ఆఖరువరకూ గ్రహణంనాడు బయటికి వచ్చావని మా అక్కయ్యనే అన్నారు.

ఇక మందు సంగతి. ఈ జబ్బును మొట్టమొదట వెనక్కి తగ్గించిన మందుకు మూలపురుషుడు మనవాడే! 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ దుఃఖం ఆయన్ని వైద్యంవైపు తిప్పింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టుకున్నందుకు తెల్లదొర ఆగ్రహానికి గురై ఎం.బి.బి.ఎస్. రాక, తక్కువ పట్టాతో బయటపడ్డారు. తరవాత అమెరికా వెళ్ళి, హార్వర్డులో పరిశోధనలు చేసి, లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన ఆధ్వర్యంలో 1945లో తయారైనదే ఫోలిక్ ఆమ్లం. అవునండీ, నెల తప్పిన ప్రతి ఆడపిల్లకూ ఇప్పుడు డాక్టరమ్మ రాసి ఇచ్చే మాత్ర అదే.

బోస్టను పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అనే ఆయన ఫోలిక్ ఆమ్లాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. మేలు చేయకపోగా జబ్బు ఇంకా ఎగదోసినట్టయింది. మరొకరైతే అక్కడితో చేతులు కడుక్కునేవారు. ఆయన దానిని తిరగేసి ఆలోచించారు. ఫోలిక్ ఆమ్లం తిని ఆ కణాలు బలుస్తున్నాయంటే, అది వాటికి అందకుండా చేస్తేనో? సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలినట్టే ఉండి, ఆ పని మాత్రం చేయని మందులు తయారుచేసి ఇచ్చింది. మారుతాళంచెవి తాళంలో దూరుతుంది గానీ తిరగదు. అసలు తాళంచెవి పెట్టడానికి వీలూ లేదు. ఇదీ అంతే. అమినాప్టెరిన్ అనే ఆ మందును 1947 డిసెంబరు ఆఖరున మొదలుపెట్టి పదహారుమంది పిల్లలకు ఇస్తే పదిమందికి గుణం కనిపించింది. మంచం పట్టిన పిల్లలు లేచి ఆడుకున్నారు. ఆ సంగతి 1948 జూన్‌లో వైద్య పత్రికలో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. యాభై మూడేళ్ళు. మన ఊళ్ళలో వీధికో విగ్రహం పెడతాం కదా, ఈయన పేరు మాత్రం పిల్లల్ని అడిగితే తెల్లమొహం వేస్తారు.

అయితే ఆ గుణం కొన్ని నెలలే. జబ్బు తిరగబెట్టేది, అందరూ పోయారు. ఒక్క మందుతో ఇది లొంగదని తేలింది. రెండో మందు ఒక స్త్రీ చేతిమీదుగా వచ్చింది. గెర్ట్రూడ్ ఎలియన్ అనే ఆవిడ. తాతగారు కాన్సరుతో పోవడం చూసి పదిహేనో ఏటనే రసాయనశాస్త్రం చదవాలని నిశ్చయించుకున్నది. చదివిందేగానీ, ఆడపిల్లవు నీకు ప్రయోగశాల ఎందుకని ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. కొన్నాళ్ళు ఒక ఆహారపదార్థాల కంపెనీలో పచ్చళ్ళ పులుపు పరీక్షించే పని చేసింది! యుద్ధం వచ్చి మగవాళ్ళు సైన్యంలోకి పోయాకగానీ ఆవిడకు తగిన చోటు దొరకలేదు. జార్జి హిచింగ్స్‌తో కలిసి ఆవిడ కనిపెట్టిన సిక్స్ మెర్కాప్టోప్యూరిన్ అనే మాత్ర 1953లో వాడకంలోకి వచ్చింది. ఇప్పటికీ, ఈ రాత్రి కూడా, ఎన్నో ఇళ్ళలో తల్లులు ఆ మాత్రే పిల్లల నోట వేస్తున్నారు. ఎలియన్‌కు 1988లో నోబెల్ బహుమానం ఇచ్చారు. డాక్టరేటు మటుకు ఆవిడ ఎన్నడూ పూర్తిచేయలేదు.

మూడో మందు మీ పెరట్లోనే ఉన్నది. బిళ్ళగన్నేరు. 1952లో జమైకా దీవి నుంచి కెనడాలోని ఒక డాక్టరుకు ఈ ఆకులు పాతిక, కవరులో పెట్టి పంపారు. అక్కడివాళ్ళు మధుమేహానికి ఈ ఆకు కషాయం తాగుతారట. ఆయన తమ్ముడు రాబర్ట్ నోబుల్ పరీక్షించి చూస్తే చక్కెర ఏమీ తగ్గలేదు, తెల్లకణాలు మాత్రం తగ్గిపోయినవి. ఆ దారి పట్టుకుని పోగా దొరికిన మందులలో విన్‌క్రిస్టిన్ ఒకటి, 1963 నుంచి వాడుతున్నారు. ఇది విని ఎవరూ పెరట్లో ఆకు కోసి కషాయం కాచవద్దు సుమా! టన్నులకొద్దీ ఎండుటాకు నుంచి గ్రాముల లెక్కన తీసే మందు అది. మోతాదు కాస్త హెచ్చినా నరాలు దెబ్బతింటాయి. పూజకు కోసుకోండి, చాలు.

ఇలా ఒక్కొక్కటిగా వచ్చిన మందులన్నిటినీ కలిపి, వరుసలో, ఏళ్ళ తరబడి ఇవ్వాలని పట్టుబట్టిన వాడు డాక్టర్ డొనాల్డ్ పింకెల్. మెంఫిస్‌లో 1962లో తెరిచిన సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రికి ఆయన మొదటి అధిపతి. రక్తంలో చచ్చిన పాడు కణాలు మెదడు పొరలలో దాక్కుంటున్నాయని గ్రహించి, అక్కడికి వేరే చికిత్స పెట్టారు. అంతకుముందు నూటికి నలుగురు బతికే చోట, 1970 ప్రాంతానికి సగంమంది బతకసాగారు. ఇప్పుడు సంపన్న దేశాలలో నూటికి తొంభై మందికి పైగా బతుకుతున్నారు. మన దేశంలో 1980ల మధ్యనుంచి మద్రాసు అడయారు కాన్సరు సంస్థ, బొంబాయి టాటా ఆసుపత్రి, ఢిల్లీ ఎయిమ్స్ ఒకే చికిత్సా క్రమం పెట్టుకుని నడిపించాక, అయిదుగురిలో ఒకరు బతకడం కష్టమైన చోట సగంమంది దాకా బతకడం మొదలైంది. ఇప్పుడు అంతకన్నా మెరుగే. అమెరికా అంకె మాత్రం ఇంకా అందలేదు.

ఎందుకు అందలేదు? మందులు అవే కదా! ఆలస్యంగా రావడం ఒకటి, చికిత్స మధ్యలో అంటువ్యాధులు సోకడం ఒకటి. మూడోదే నేను ముఖ్యంగా చెప్పదలచింది. మధ్యలో మానేయడం.

ఈ మానేయడంలో నా పాపమూ కొంత ఉన్నది. దాచుకోకుండా చెబుతాను. 2009లో మా పక్కింటి వాళ్ళ ఆరేళ్ళ పిల్లకు ఈ జబ్బు వచ్చింది. ఆసుపత్రిలో మొదటి నెలలు నానా యాతనా పడ్డారు. జుట్టంతా ఊడిపోయింది. సూదులు, జ్వరాలు, రక్తం ఎక్కించడాలు. నెల తిరిగేసరికే పరీక్షలో పాడు కణాలు కనబడటం లేదన్నారు. ఏడాది గడిచేసరికి పిల్లకు జుట్టు వచ్చింది, బడికి పోతోంది. అయినా రోజూ రాత్రి మాత్ర, వారానికొకసారి ఇంకో మాత్ర. ఆ పిల్ల మొహం చిట్లించుకుని మింగడం చూడలేక నేనే వాళ్ళమ్మతో అన్నాను: "జబ్బు పోయిందన్నారుగా, బంగారంలాంటి పిల్లకి ఇంకా ఈ విషం ఎందుకమ్మా? పండగ నాలుగు రోజులూ మానిపించు, పోనీ."

ఆ మహాతల్లి నా మాట విని సంక్రాంతికి నాలుగు రోజులు మానిపించింది. తరవాత ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అమాయకంగా డాక్టరమ్మతో చెప్పిందట. ఆవిడ కోప్పడలేదు. ఒక కాగితం తీసుకుని బొమ్మ గీసి చూపించింది. జబ్బు తేలిన రోజున ఒంట్లో పాడు కణాలు లక్ష కోటి ఉన్నాయనుకో, మొదటి నెల మందులు నూటికి తొంభై తొమ్మిదిన్నర పాళ్ళు చంపినా, మిగిలిన అర పాలే అయిదు వందల కోట్లు. పరీక్షలో కనబడవు, కానీ ఉంటాయి. రోజూ వేసే చిన్న మాత్ర వాటికోసం. నాలుగు రోజులు కాపలా లేకపోతే నాలుగు రోజులూ అవి పిల్లల్ని పెడతాయి.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చి ఈ సంగతంతా చెప్పి, "పిన్నిగారూ, మీరు నామీద ప్రేమతోనే అన్నారు" అన్నది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ మర్నాటినుంచి వంటింటి గోడమీది తెలుగు క్యాలెండరులో, పాల లెక్క రాసుకునే చోటు పక్కన, మాత్ర వేసిన ప్రతి రాత్రీ ఎర్ర పెన్సిలుతో ఒక టిక్కు పెట్టేది. ఆమె ఊరికి వెళితే ఆ టిక్కు పెట్టే పని నేను అడిగి తీసుకున్నాను.

ఇది చాదస్తమేమీ కాదు. అమెరికాలో డాక్టర్ స్మితా భాటియాగారి బృందం మాత్రల సీసా మూతలలో, ఎప్పుడెప్పుడు తెరిచారో గుర్తుపెట్టుకునే చిన్న యంత్రం అమర్చి, వందలమంది పిల్లల్ని గమనించింది. 2012లో ప్రకటించిన ఆ పరిశోధనలో, నూటికి తొంభై అయిదు కన్నా తక్కువ మోతాదులు వేసుకున్న పిల్లలకు జబ్బు తిరగబెట్టే ప్రమాదం రెండింతలకు పైగా ఉందని తేలింది. తొంభై అయిదు అంటే మనకు పెద్ద మార్కులే అనిపిస్తుంది. లెక్క చూడండి. నెలలో రెండు రాత్రులు మరిచిపోతే తొంభై మూడుకి దిగిపోయినట్టే.

మొత్తం చికిత్స రెండేళ్ళనుంచి మూడేళ్ళ దాకా పడుతుంది. అంతకాలం డబ్బు ఎక్కడనుంచి తెస్తామని భయపడి మానేసేవాళ్ళూ ఉన్నారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తరవాత పేద కుటుంబాలకు ఈ చికిత్స ప్రభుత్వ పథకం కింద జరుగుతున్నది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఆసుపత్రి, విశాఖలో టాటావారు నడిపే హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. మీ ఇంట్లో పనిచేసే మనిషి పిల్లకో, వాచ్‌మన్ పిల్లకో ఈ కష్టం వస్తే నాలుగు పాత చీరలు ఇచ్చే బదులు ఆ ఆసుపత్రిలో సామాజిక కార్యకర్త ఎక్కడ కూర్చుంటారో కనుక్కుని, వెంటబెట్టుకు వెళ్ళండి.

పెద్దవాళ్ళకు వచ్చే రక్తపు కాన్సర్లు వేరు రకాలు. వాటి జోలికి ఎక్కువ పోను గానీ ఒక్కటి చెప్పక తప్పదు. జానెట్ రౌలీ అని షికాగోలో ఒక ఇల్లాలు. నలుగురు మగపిల్లల్ని పెంచుకుంటూ వారానికి కొద్దిరోజులే ప్రయోగశాలకు వెళ్ళేది. 1972లో క్రోమోజోముల ఫోటోలు కత్తెరతో కత్తిరించి ఇంట్లో భోజనాల బల్లమీద పేర్చుకుంటుంటే, అమ్మ కాగితపు బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు నవ్వేవారట. క్రానిక్ మైలాయిడ్ లుకేమియాలో తొమ్మిదో క్రోమోజోము ముక్కా, ఇరవై రెండో దాని ముక్కా ఒకదాని చోటికి ఒకటి మారిపోతున్నాయని ఆవిడ ఆ బల్లమీదే కనిపెట్టింది. ఆ తప్పు అతుకుకి గురిపెట్టిన ఇమాటినిబ్ అనే మాత్ర 2001లో వచ్చింది. రోజుకొక మాత్రతో, బీపీకి వేసుకున్నట్టు వేసుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటున్నవారు ఉన్నారు. విదేశీ కంపెనీ మాత్రలు నెలకు లక్షా ఇరవై వేలు అయ్యేవి. హైదరాబాదులోనూ ఇతర చోట్లా మనవాళ్ళు తయారుచేసినవి ఎనిమిది, పది వేలకు దొరికాయి. విదేశీ కంపెనీ పేటెంటు కావాలని కోర్టుకెక్కితే 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కుదరదన్నది. ఎన్ని ఇళ్ళు ఆ రోజు ఊపిరి పీల్చుకున్నాయో!

మళ్ళీ పిల్లల దగ్గరకే వద్దాం. మందులన్నీ వాడినా కొందరికి తిరగబెడుతుంది. వారికోసం వచ్చిన కొత్త పద్ధతి పేరు కార్-టి. రోగి తెల్లకణాలనే కొన్నిటిని బయటికి తీసి, పాడు కణాలను గుర్తుపట్టేలా ప్రయోగశాలలో శిక్షణ ఇచ్చినట్టు మార్చి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. 2012లో ఫిలడెల్ఫియాలో ఇది మొదటిసారి ఒక ఆరేళ్ళ పాపకు చేశారు. మూడో నాటికి జ్వరం భగ్గుమని, పిల్ల దక్కదనుకున్నారు. రక్తంలో ఒక పదార్థం విపరీతంగా పెరిగిందని తెలిసింది. పరిశోధకుడు డాక్టర్ కార్ల్ జూన్ సొంత కూతురికి చిన్ననాటి కీళ్ళవాతం. ఆ పదార్థాన్ని అణిచే కీళ్ళవాతపు మందు ఒకటి ఉందని ఆయనకు అందుకే తెలుసు. అది ఇచ్చారు, పిల్ల లేచింది. ఒక తండ్రి ఇంటిబాధ వేరొక ఇంటి దీపాన్ని నిలబెట్టింది.

ఆ చికిత్స అమెరికాలో మొదలుపెట్టినప్పుడు నాలుగు లక్షల డెబ్బై అయిదు వేల డాలర్లు. బొంబాయి ఐ.ఐ.టి., టాటా ఆసుపత్రి కలిసి తయారుచేసిన మన దేశపు కార్-టికి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. ఖరీదు అమెరికాలో దానికి పదోవంతు అన్నారు. పదోవంతు అయినా లక్షలే కదా. 2024 డిసెంబరులో ఇంకో వార్త వచ్చింది. బ్లినాటుమోమాబ్ అనే మందును మొదటి చికిత్సలోనే కలిపితే, మూడేళ్ళ తరవాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్న పిల్లలు నూటికి ఎనభై ఎనిమిది ఉండే చోట తొంభై ఆరుగురు ఉన్నారని. అదీ ఖరీదైనదే. పెరటి బిళ్ళగన్నేరు మందూ, ఎలియన్ మాత్రా ఇప్పటికీ మానలేదు. వాటిమీదనే ఇవి.

నయమైన తరవాత మాటేమిటి? మా పక్కింటి పిల్లకు ఇప్పుడు ఇరవై దాటాయి. చదువు పూర్తయింది. ఉద్యోగం వచ్చింది. ఈమధ్య ఒక సంబంధం వస్తే, చెప్పాలా వద్దా అని వాళ్ళమ్మ వారం రోజులు నిద్రపోలేదు. పిల్లే తేల్చేసింది: "చెప్పి చేసుకునేవాడే కావాలి. దాచి చేసుకుంటే ఏడాదికోసారి చెకప్పుకి దొంగచాటుగా పోవాలా?" ఆ సంబంధం వాళ్ళు చెప్పా పెట్టకుండా మానుకున్నారు. బిడ్డలు పుట్టరేమో అన్నారట ఎవరితోనో. ఈ జబ్బు నయమైన ఆడపిల్లల్లో చాలామంది మామూలుగానే తల్లులవుతున్నారు. పుట్టిన పిల్లలకు ఈ జబ్బు తల్లినుంచి సంక్రమించడమన్నది మహా అరుదు. డాక్టరునడిగితే అయిదు నిమిషాల్లో చెబుతారు. వాళ్ళు అడగలేదు.

చికిత్సలో వాడిన కొన్ని మందులు పెద్దయ్యాక గుండెమీద, ఎముకలమీద జాడ వదలవచ్చు. కాబట్టి ఏ మందు ఎంత మోతాదు ఇచ్చారో ఆ కాగితాలు పారవేయకూడదు. ఆసుపత్రివారు రాసిచ్చే చికిత్స సారాంశం ఒకటి అడిగి తీసుకుని, నాలుగు నకళ్ళు తీయించి పెట్టుకోవాలి. మా పక్కింటావిడ ఆ ఫైలుతోపాటు 2010, 2011 సంవత్సరాల క్యాలెండర్లు రెండూ చుట్టచుట్టి బీరువాలో పెట్టింది. పోయిన నెల పిల్ల ఉద్యోగానికి బెంగుళూరు వెళుతూ ఫైలు పెట్టెలో పెట్టుకున్నది. క్యాలెండర్లు కూడా ఇమ్మంది. "అవెందుకే, ఎర్ర గీతలు తప్ప ఏమున్నాయి అందులో?" అంటే, "అందులో కొన్ని పక్కింటి అమ్మమ్మగారు పెట్టినవి ఉన్నాయి" అన్నదట.